ఉప్పు పట్టించిన ఎర్ర బంక

నా చిన్నప్పుడు మా ఇంటి పళ్ళపొడి సగం కొండ మీంచి వచ్చేది, సగం సముద్రంలోంచి వచ్చేది. ఆ రెండు సగాలూ ఎలా కలిశాయో స్వయంగా చూసినవాళ్ళలో ఇప్పుడు ఇద్దరమే మిగిలాం. ఒకదాన్ని నేను. రెండో ఆమెకు చదువు రాదు. అందుకని రాసే పని నా మీద పడింది.

ఇంకో కారణం కూడా ఉంది. మొన్నామధ్య మా మనవరాలు వంటింటి అలమర సర్దుతూ పాత గాజు సీసా ఒకటి బయటకు తీసింది. అందులో చిన్న చిన్న ఎర్రటి పలుకులున్నాయి. కిటికీ వెలుగులో పెట్టి చూస్తే పలుకు పలుకులోనూ నిప్పు కనిపిస్తుంది. "ఇవి కెంపులా నాన్నమ్మా?" అంది. కాదు, చెట్టు బంక అన్నాను. నమ్మలేదు. ఫోనులో వెతికి లక్క అని ఒకసారి, ఎర్రచందనం అని ఒకసారి చెప్పింది. పక్కింటి వదిన, వాళ్ళది గోదావరి వైపు, అది కుంకుమలో కలిపే రంగేమో అంది. ఇద్దరికి మూడు మాటలు. నాకు తెలిసింది రాసిపెట్టకపోతే, నా తరవాత ఆ సీసాను కడిగేసి పోపుగింజలు పోసుకుంటారని అర్థమైంది.

నేను చదివింది ఐదో తరగతి వరకే. మిగతా చదువంతా లైబ్రరీలోనే. పెళ్ళయ్యి కూర్మన్నపాలెం వచ్చాక మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్ళడం, నేను పిల్లల్ని బడికి పంపి బస్సెక్కి మద్దిలపాలెంలో దిగి అక్కడి లైబ్రరీలో కూర్చోవడం అలవాటైపోయింది. మొదట్లో కథలు, తరవాత వైద్యం, చెట్లు, చరిత్ర, ఏది దొరికితే అది. తెలియని మాట వస్తే నిఘంటువు దింపమని అడిగేదాన్ని. లైబ్రేరియన్ గారు విసుక్కోకుండా దింపేవారు. అలా నేర్చుకున్నదాంతో మా మనవరాలికి జవాబు చెప్పాను. లక్క చెట్టు బంక కాదు, చెట్టు మీద బతికే పురుగు చేసేది. ఎర్రచందనం చెట్టు ఈ బంక చెట్టుకు చుట్టమే కానీ అది వేరు. మోదుగ చెట్టుకు గాటు పెట్టినా ఎర్ర బంకే వస్తుంది. ఆయుర్వేద మందుల కొట్లలో హీరాదోఖి అని అమ్మేది ఎక్కడో అరబ్బు సముద్రపు దీవిలో గొడుగులా పెరిగే చెట్టుది. మన సీసాలో ఉన్నది వేగిస బంక. పుస్తకాల్లో వేగిస, పెద్దేగి అని ఉంటుంది. మా వాళ్ళు ఏగి బంక అనేవారు.

చెట్టుకు గాటు పెడితే రక్తంలా కారుతుంది. ఎండలో ఆరితే పగిలి పలుకులవుతుంది. నాలుక మీద పెట్టుకుంటే బుగ్గలు లోపలికి పీక్కుపోయేంత వగరు. ఆ వగరులోనే దాని మందు ఉంది. కడుపు జారినప్పుడు చిటికెడు మజ్జిగలో ఇచ్చేవారు. వల తాడు కోసుకుపోయిన చేతికి పొడి అద్దేవారు. చిగుళ్ళు వదులైతే వేలితో రుద్దేవారు. అదే బంకను వేడినీళ్ళలో కరిగించి మా తాత గాలపు తాళ్ళకు రంగు పట్టించేవాడు. ఆ రంగు పట్టిన తాడు తొందరగా చివుకదని ఆయన నమ్మకం. వగరుకు తోలునూ నూలునూ గట్టిపరిచే గుణం ఉందని ఎన్నో ఏళ్ళకు పుస్తకంలో చదివినప్పుడు, తాత బతికుండగా ఈ మాట చెప్పి ఉంటే ఎంత మురిసిపోయేవాడో అనిపించింది.

సముద్రం ఒడ్డున ఉండే మాకు కొండ చెట్టు బంక ఎలా వచ్చేదంటారా? మా అమ్మమ్మ నేస్తం వల్ల.

మా వైపు నేస్తం కట్టడం అని ఒక ఆచారం ఉంది. ఏ చుట్టరికమూ లేని ఇద్దరు ఆడవాళ్ళు పదిమంది ముందు ఒకరికొకరు కానుకలిచ్చుకుని, బొట్టు పెట్టుకుని నేస్తాలవుతారు. ఆ రోజునుంచీ తోబుట్టువులకంటే ఎక్కువ. ఒకరింట పెళ్ళి అయితే రెండోవారు పెళ్ళివారే. ఒక నియమం మాత్రం గట్టిది. నేస్తం పేరు నోటితో పలకకూడదు. "నేస్తం" అనే పిలవాలి, జీవితాంతం.

మా అమ్మమ్మ ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని తగరపువలస సంతకు వెళ్ళేది. అక్కడ పక్కన కూర్చుని అడ్డాకులు, చింతపండు, బంక అమ్మే కొండావిడతో మాట కలిసింది. ఈమె ఎండు నెత్తళ్ళు, ఉప్పు ఇచ్చేది. ఆమె ఆకులు, బంక ఇచ్చేది. లెక్కలు ఎవరూ చూసుకోలేదు. కొన్నాళ్ళకు నేస్తం కట్టేసుకున్నారు. ఆమె మా ఇంటికి వచ్చినప్పుడల్లా మేం పిల్లలం ఆమెను కొండమ్మమ్మ అనేవాళ్ళం. నల్లగా, పొట్టిగా, ముక్కుకు మూడు పుడకలతో, ఎప్పుడూ నవ్వు ఆపుకుంటున్నట్టు ఉండేది. మా తాతను మేలమాడడం ఆమెకు ఇష్టం. నేస్తం మొగుడు వరసకు బావ కదా.

మా జాలారిపేటలో నా ఈడు ఆడపిల్లలందరికీ నేస్తాలుండేవారు. ఒకదానికి రేవులో నేస్తం, ఇంకోదానికి మేనత్త ఊళ్ళో నేస్తం. నాకే లేదు. పండగ పూట అందరూ నేస్తం ఇంటికి పళ్ళాలు పట్టుకుపోతుంటే నేను అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. మా అమ్మమ్మ అది గమనించి ఉంటుంది. ఒకసారి సంత నుంచి వచ్చి, కొండమ్మమ్మ మనవరాలితో నాకు నేస్తం కట్టాలని ఇద్దరూ అనుకున్నట్టు చెప్పింది. వచ్చే సంత రోజున వాళ్ళు మా ఇంటికి వచ్చి రాత్రి ఉంటారు, తెల్లారి కట్టు. మా అమ్మ నాకు పసుపు పరికిణీ కుట్టించింది. వీధి వీధంతా పిలుపులు వెళ్ళాయి. నాకు తిండి సయించలేదు. ఆ పిల్లకు నేను నచ్చకపోతే ఏం చెయ్యాలి అన్న ఒక్క ఆలోచనే.

ఆ మధ్యాహ్నం వాళ్ళు వచ్చారు. ఆ పిల్ల నా అంతే ఉంది. అడ్డాకుల దొప్ప ఒకటి, పైన ఇంకో ఆకు కప్పి నారతో కట్టినది, రెండు చేతులతో పట్టుకుంది. బస్సులో కూడా ఎవరినీ ముట్టుకోనివ్వలేదట. కొండమ్మమ్మ చెప్పింది, తన మనవరాలు నేస్తం కోసం తనే చెట్టు దగ్గర కూర్చుని బొట్టు బొట్టూ పట్టిన బంక అని. ముందురోజే దింపింది కనుక ఇంకా పచ్చిగానే ఉంది.

దొప్ప మా అమ్మమ్మ చేతిలో పెట్టాకే ఆ పిల్ల సముద్రం చూడ్డానికి వచ్చింది. పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. తీరం మీద అడుగుపెట్టగానే వాళ్ళమ్మమ్మ చీరచెంగు పట్టుకుని నిలబడిపోయింది. కెరటం వచ్చి కాళ్ళు తడిపి వెళ్ళింది. ఆ పిల్ల వంగి పుడిసెడు నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకుంది. వెంటనే ఉమ్మేసింది.

"ఇంతుప్పు ఎవులేసినారే?" అంది నా వంక తిరిగి.

చప్పున "మా తాత" అనేశాను.

తాత అక్కడే పడవ నీడలో వల బాగు చేసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అందుకున్నాడు. "అవునమ్మా. రోజూ తెల్లారగట్ల లెగిసి రెండు గంపలు ఏత్తాను. ఎయ్యకపోతే సేపలు సప్పగుంతాయి."

ఆ పిల్ల నమ్మింది. తాత చేతుల వంక, సముద్రం వంక మార్చి మార్చి చూసింది. కొండమ్మమ్మ చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "మా బావ ఇచ్చిన ఉప్పే మేం తింతన్నాం. ఇన్నాళ్ళూ తెలీనేదు" అంది. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ఇక నా భయం పోయింది. పొద్దు వాలే వరకూ పీతల వెనక పరిగెత్తాం.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మమ్మ దొప్ప నా చేతికిచ్చింది. "ఇది నీకొచ్చిన కానుక. రేపు పదిమందిలో ఇప్పాల. జాగర్తగా దాసుకో గుంటా" అంది, అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

జాగ్రత్తగా దాచుకో. ఆ మాట నేను ఎంత గట్టిగా పట్టుకున్నానో చెప్పలేను. కొంచెం ఆకు తప్పించి చూశాను. లోపల ఎర్రగా, తడిగా, మెత్తగా ఉంది. తడిగా ఎర్రగా ఉన్నదేదైనా రాత్రి గడవాలంటే ఉప్పు పట్టాలి. మా ఇంట్లో నడక వచ్చిన పిల్లకు కూడా తెలిసిన శాస్త్రం అది. వంజరం ముక్క కానీ, సొర ముక్క కానీ, ఉప్పు పట్టకపోతే తెల్లారేసరికి వాసన కొడుతుంది. నా నేస్తం బొట్టు బొట్టూ పట్టిన కానుక వాసన కొడితే ఇంకేముంది? ఉప్పు కుండ దగ్గరికి వెళ్ళాను. అమ్మ చేపలకు ఎలా పట్టిస్తుందో అలాగే, కింద ఒక పొర, పైన ఒక పొర, మధ్యలో వేళ్ళతో నొక్కి, రాళ్ళ ఉప్పు ఏ మాత్రం పిసినారితనం చెయ్యకుండా పట్టించాను. మళ్ళీ ఆకు కప్పి, నారతో కట్టి, పిల్లికి అందకుండా ఉట్టిలో పెట్టాను. ఆ రాత్రి నాకంటే హాయిగా పడుకున్న పిల్ల జాలారిపేటలో ఉండదు.

తెల్లారింది. వాకిట్లో ముగ్గు, చాప, పసుపు, కుంకుమ, పూలు. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. నేను ఇచ్చే కానుక ముందు. మా తాత ఏరి తెచ్చిన పెద్ద గవ్వ, చెవి దగ్గర పెట్టుకుంటే హోరు వినపడేది. ఆ పిల్ల చెవికి ఆనించి కళ్ళు మూసుకుంది. తరవాత దొప్ప తెచ్చి నా ముందు పెట్టారు. నేను నారముడి విప్పాను.

ఎండలో ఆరి కెంపుల్లా పగలాల్సిన బంక, ఉప్పు ఊరి, నీరు కారి, మసక మసగ్గా, తెల్లటి పొక్కులు తేలిన ముద్దలా ఉంది. ఎర్ర బురదలా ఉందని వెనక నుంచి ఎవరో అన్నారు. పక్కింటి అక్క ముక్కు మీద వేలేసుకుంది. నేస్తం ఇచ్చిన మొదటి కానుక చెడితే ఆ కట్టు నిలవదని మా వైపు ఒక మాట. ఆ మాటే అందరి మొహాల్లోనూ ఉంది.

ఆ పిల్ల ముద్ద వంక చూసింది. ఏడవలేదు. గవ్వను మెల్లగా చాప మీద పెట్టేసి, వాళ్ళమ్మమ్మ దగ్గరికి జరిగి, "ఇంటికెల్లిపోదుం" అంది.

మా అమ్మ నా జబ్బ పట్టుకుంది. "ఏటే ఇది? ఏటి సేసినావు?" అంది పళ్ళు నూరుతూ. పాడవకుండా ఉప్పు పెట్టానని చెప్పడానికి నోరు రాలేదు. పరికిణీ కుచ్చెళ్ళు పట్టుకుని కూర్చున్నాను. మా అమ్మమ్మ తన నేస్తం మొహంలోకి చూడలేక నేల చూస్తోంది.

కొండమ్మమ్మ ముందుకు వంగి, ఆ ముద్దలోంచి చిన్న పలుకు గిల్లి నాలుక మీద వేసుకుంది. కళ్ళు సగం మూసింది. పెద్ద వైద్యుడు నాడి చూస్తున్నట్టు చాలాసేపు చప్పరించింది. వాకిలంతా ఆమె దవడ వంకే చూస్తోంది. ఆమె మాత్రం తొందరపడలేదు. చివరకు మనవరాలి వైపు తిరిగింది.

"మనింటికి సుట్టమొత్తే నాను ముందుగాల ఏటి తీత్తానే?"

ఆ పిల్ల తల వంచుకునే "ఉప్పు" అంది.

"పెతీ కూరలోనా ఏత్తానేటి?"

"నేదు. సుట్టానికే."

"మరీ గుంట నీ బంకకి ఏటి ఎట్టిందే?"

ఆ పిల్ల గోటితో చాప గీకుతోంది. ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో కొండ మీద ఉప్పంటే అపురూపం. సంతకు దిగి, మూట కట్టి, నెత్తిన మోసుకుని ఎక్కాలి. వానలు పట్టాయంటే దిగేదారి ఉండదు. అందుకని గింజ గింజా లెక్కపెట్టి వాడేవారు. సముద్రం పక్కన పుట్టిన మాకు అది తెలియదు. మా ఇంట్లో ఉప్పు కుండకు మూత కూడా ఉండేది కాదు.

"సెప్పే" అంది కొండమ్మమ్మ.

"ఉప్పు" అంది ఆ పిల్ల, ఈసారి తల ఎత్తి నన్ను చూసి.

"మనింటికి నెలకి సరిపడా ఉప్పు నీ దొప్ప మీద పోసీసింది. వాళ్ళ ఊరిలో సెడిపోకూడదనుకున్నదానికి ఉప్పెడతారు. నీది సెడిపోకూడదనుకుంది. నీకింకేటి కావాలే గుంటా?"

అంటూనే ఆమె వేలికి ఇంకొంచెం ముద్ద తీసుకుని పళ్ళమీద, చిగుళ్ళమీద గట్టిగా రుద్దింది. రుద్ది, వాకిలంతటికీ కనిపించేలా నవ్వింది. నోరంతా ఎర్రగా, రంగు పులుముకున్నట్టు. అంత పెద్ద ఎర్ర నవ్వు నేను మళ్ళీ చూడలేదు. ముందుగా పక్కింటి అక్క పక్కున నవ్వింది. తరవాత అందరూ.

మా తాతకు అప్పటికి చాలా రోజులుగా ముందు పన్ను ఒకటి కదులుతోంది, చిగురు ఉబ్బి నెత్తురు వస్తోంది. పీకించుకోమంటే ఒప్పుకోడు. కొండమ్మమ్మ ఆయన వైపు వేలు చూపించింది. "రా బావా. సముద్రానికి ఉప్పేత్తావు గదా, నీ పంటికీ ఎయ్యి."

"నా నోరు ఎర్రగయితే గంగమ్మ తల్లి బయపడి లోపలికి పోద్ది" అన్నాడు తాత. అయినా వచ్చి కూర్చుని రుద్దుకున్నాడు. వగరుకూ ఉప్పుకూ మొహం ముడుచుకుపోయింది. మీసాలు వంకర తిరిగాయి. వాకిట్లో ఆడవాళ్ళు నవ్వలేక ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆయన నోరు పుక్కిలించి, పన్నును నాలుకతో తోసి చూసుకుని, "బిగుసుకుంది కాబోలు" అన్నాడు. నిజంగా బిగిసిందో, మాకోసం అన్నాడో అప్పుడు తెలియదు. ఆ వెంటే అందరూ వరసకట్టి రుద్దుకోవడం మొదలుపెట్టారు. పిల్లా పెద్దా అందరి నోళ్ళూ ఎర్రనే. ఆ పిల్ల కూడా వేలు ముంచింది. తను రుద్దుకోలేదు. నా దగ్గరికి వచ్చి నా పళ్ళకు రుద్దింది. నేను ఆమె పళ్ళకు రుద్దాను. ఆమె గవ్వను మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

కుంకుమ భరిణె అక్కడే ఉన్నా, ఆ రోజు మా నుదుట బొట్టు ఆ బంకతోనే పెట్టించారు. మా అమ్మమ్మ గిన్నెలో కొంచెం వేడినీళ్ళు పోసి ముద్ద కరిగించింది. దానిమ్మ రసంలాంటి రంగు. నేను ఆమెకు, ఆమె నాకు. కుంకుమైతే సాయంత్రానికి చెమటకు కరిగిపోయేది. ఈ బొట్టు స్నానం చేసినా పోలేదు. బడిలో మేష్టారు దెబ్బ తగిలిందా అని అడిగారు. కాదు నేస్తమండీ అన్నాను. ఆయనకు ఏమర్థమైందో గానీ తలూపారు.

మిగిలిన ముద్దను కొండమ్మమ్మ పారెయ్యనివ్వలేదు. ఎండబెట్టి, రోట్లో దంచి, జల్లెడ పట్టి పొడి చేయించింది. సగం మాకు, సగం తను మూటకట్టుకుంది. "మా ఊరిలో ఇదేటంటే పెద్దింటి పళ్ళపొడంతాను" అంది. అప్పటినుంచీ ప్రతి ఏడూ వాళ్ళు బంక తెచ్చేవారు, మేం ఉప్పు పోసేవాళ్ళం. రోటి ముందు నేనూ నేస్తం చెరో రోకలీ పట్టుకునేవాళ్ళం. ఉప్పు లేని బంక మా ఇంట్లోకి వస్తే తాత ఒప్పుకునేవాడు కాదు. ఆ పన్ను ఆయనతోనే ఉండిపోయింది, చివరిదాకా.

కట్టు అయిపోయిన ఆ పూటే ఇంకోటి జరిగింది. నేస్తం తన సంచిలోంచి వేగిస చెక్క పేడు ఒకటి తీసి గాజు గ్లాసులో నీళ్ళు పోసి అందులో పడేసింది. కాసేపు చూడమంది. ఎండలో పెట్టి, గ్లాసు వెనక నల్లటి గుడ్డ పట్టుకుంది. నీళ్ళు నీలంగా మెరిశాయి. రెండో వైపు నుంచి చూస్తే తేనె రంగు. "మా సెట్టులో కూడా సముద్రం ఉన్నాది. కానీ మాది ఉప్పగుండదు" అంది గర్వంగా. తాత ఆ గ్లాసును చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, ఈ సముద్రంలో ఎవరు ఉప్పు వెయ్యడం మరిచిపోయారో కనుక్కోమన్నాడు.

ఆ నీలం రంగు సంగతి నన్ను చాలా ఏళ్ళు వెంటాడింది. లైబ్రరీలో ఒక వృక్షశాస్త్రం పుస్తకంలో దానికి కారణం దొరికిన రోజు నేను బల్ల దగ్గర కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ చెక్కలో ఉన్న పదార్థం ఎండను ఒక రంగులో మింగి ఇంకో రంగులో వదులుతుందట. వేగిస బంక ఒకప్పుడు మన దేశపు రేవుల నుంచి ఓడలెక్కి పరదేశాల మందుల షాపులకు వెళ్ళేదని కూడా అక్కడే చదివాను. రేవు ఊళ్ళో పుట్టిన దాన్ని కదా, మా ఇంటి పళ్ళపొడికి అంత పెద్ద చరిత్ర ఉందని తెలిసి తెగ సంబరపడ్డాను. సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి రాగానే వినిపించాను. "అయితే ఆ ఓడలోళ్ళకి ఉప్పు కలపాలని తెలీదన్నమాట" అన్నాడు ఆయన. ఆయనా మా పేటవాడే.

ఒక మాట ముందే చెప్పాలి, లేకపోతే చదివినవాళ్ళు నన్ను తిడతారు. వగరు చిగురును బిగిస్తుంది నిజమే, పిప్పి పన్నును బాగుచెయ్యలేదు. మా మనవరాలి పంటికి పుచ్చు పడితే నేను సీసా తియ్యలేదు, డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్ళాను. కడుపు జారినా అంతే. ఇంకో సంగతి, చెట్టుకు గాటు ఎక్కువైతే చెట్టు చచ్చిపోతుంది. కొండమ్మమ్మ ఒక చెట్టుకు గాటు పెట్టిందంటే మళ్ళీ అది మానేదాకా ముట్టుకునేది కాదు. తరవాత అందరూ అలా చూసుకోలేదు. ఇప్పుడు వేగిస చెట్టు కనిపించడమే తక్కువ. నేస్తం వాళ్ళ పొలం గట్టు మీద ఒకటి ఉంది. తనంతట తాను కారిన బంకనే గిల్లుకొస్తుంది. పోయిన వేసవిలో కూర్మన్నపాలెం బస్టాపులో దిగి, చేతిలో చిన్న పొట్లంతో మా ఇంటి మెట్లెక్కింది. నేను ఉప్పు డబ్బా తీశాను. ఇద్దరం మిక్సీలో వేశాం. రోలు లేదు కదా. మిక్సీ మూతంతా ఎర్రనైపోయి కోడలు కంగారు పడింది.

ఆనాడు నేర్చుకున్నది నాకు వెంటనే అర్థం కాలేదు. పెద్దయ్యాక, కోడలు కొత్తగా వచ్చిన రోజుల్లో నా ఇత్తడి చెంబును మెరుస్తుందని ఏదో మందుపొడితో తోమి గీతలు పెట్టింది. కోపం గొంతుదాకా వచ్చింది. అప్పుడు ఎందుకో నాలుక మీద ఆ ఉప్పటి వగరు తగిలినట్టయింది. ఈ పిల్ల ఏం పాడుచేసిందని కాకుండా, ఏం కాపాడాలనుకుందని అడిగాను నన్ను నేను. మెరిసేలా చెయ్యాలనుకుంది, అంతే. మనసుకు దగ్గరైనదాన్ని ఎవరికి తెలిసిన పద్ధతిలో వాళ్ళు దాచుకుంటారు. మాకు ఉప్పు, వాళ్ళకు ఎండ. కొండమ్మమ్మ ఆ రోజు ఆ పలుకును నోట్లో వేసుకోకుండా మాట్లాడి ఉంటే, నాకు నేస్తం ఉండేది కాదు. ఏదైనా చెడిపోయిందని చెప్పేముందు ఒకసారి నాలుక మీద వేసుకుని చూడాలన్నది నేను ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఇప్పటికీ అదే చేస్తున్నాను. చాలాసార్లు అందులో ఉప్పే తగులుతుంది.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్ళకు పేరు పేరునా దండం పెట్టాలి. సీసా బయటకు తీసి అడిగిన మా మనవరాలు హర్షితకు. రాసింది చదివి తప్పులు దిద్దిన పక్కింటి సత్యవతి వదినకు. నిఘంటువు ఎన్నిసార్లు దింపమన్నా దింపిన లైబ్రేరియన్ భాస్కర్ గారికి. మిక్సీ కడిగి కూడా ఏమీ అనని మా కోడలు లలితకు. సముద్రంలో ఉప్పు వేసిన మా తాత మసేనుకు, గంప నెత్తిన పెట్టుకుని సంతకు వెళ్ళి రెండు ఊళ్ళను కలిపిన మా అమ్మమ్మ పోలమ్మకు, పరికిణీ కుట్టించిన మా అమ్మ నూకరాజమ్మకు. కొండమ్మమ్మ పేరు మా అమ్మమ్మ నోట ఎప్పుడూ వినలేదు, వినకూడదు కూడా. మొన్న ఫోను చేసి వాళ్ళ మనవరాలిని అడిగి తెలుసుకున్నాను. సొంబారి. నియమం మా అమ్మమ్మది, నాది కాదు కనుక రాస్తున్నాను. సొంబారమ్మమ్మకు నా దండాలు.

ఫోనులోనే ఆవిడ మనవరాలు అడిగింది. "అందరి పేర్లూ రాసీసినావు. నా పేరు కూడా రాసీసినావేటి?"

"రాయనేదు నేస్తం" అన్నాను.

అటునుంచి నవ్వు వినిపించింది, వాళ్ళమ్మమ్మ నవ్వే. ఆ పేరు నాకు తెలుసు. ఆ ఉదయం దాకా ఒక్క పూట నోరారా పిలిచాను కూడా. ఆ తరవాత ఇంతకాలమూ పలకలేదు, ఇప్పుడు కాగితం మీదా పెట్టను. అది నా దగ్గరే ఉంటుంది, ఏ మాత్రం పిసినారితనం చెయ్యకుండా ఉప్పు పట్టించి పెట్టుకున్నాను.